నిండు చెరువులో పక్షులు ఎందుకు కనిపించలేదు?

తులసికోట
జనవరి 19, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది మియాపూర్. ఈ వేదికను చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. బడిలో వలస పక్షుల పాఠం చెప్పినప్పటి నుంచి చెరువుకు తీసుకెళ్లమని ఒకటే పోరు. ఇవాళ ఆదివారం కదా అని అమీన్‌పూర్ చెరువుకు బయల్దేరాం. టిఫిన్లు ముగించుకుని చేరేసరికి తొమ్మిదిన్నర. చెరువు నిండుగా, చూడముచ్చటగా ఉంది. పక్షులే లేవు. నాలుగు నీటికాకులు, కొన్ని తెల్లకొంగలు, దూరంగా నీటి నడుమ నల్లటి చుక్కల్లా ఏవో కొన్ని. రాజహంసలు (ఫ్లెమింగోలు) వస్తాయని ఫోటోలు చూపించి మరీ తీసుకెళ్లాను. పిల్ల ముఖం చిన్నబోయింది. తిరిగి వస్తుంటే దారిలో అడిగింది: "అమ్మా, అవి ఈసారి రాలేదా, మనకే కనిపించలేదా?"

నా దగ్గర జవాబు లేదు. తెలిసినవారు చెప్పండి. చెరువు దగ్గర జంతువులు కూడా ఉంటాయా అన్నది దాని రెండో ప్రశ్న.

లకుముకి
జనవరి 19, రాత్రి 9:15

తులసికోట గారూ, స్వాగతం. ముందు వేళ సంగతి చెబుతాను. ఈ రోజుల్లో మనకు సూర్యోదయం 6:50 ప్రాంతంలో. ఆ సమయానికి మీరు గట్టు మీద ఉండాలి. తొమ్మిదిన్నరకు బాతులు కడుపు నింపుకుని నీటి నడుమకు చేరి, రెక్కల్లో ముక్కు దాచుకుని నిద్రపోతుంటాయి. మీరు చూసిన నల్లటి చుక్కలు అవే కావచ్చు.

రెండో సంగతి, ఎక్కడ నిలబడాలన్నది. ఉదయం చెరువుకు తూర్పు ఒడ్డున నిలబడి పడమరకు చూడాలి. సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, పక్షి రంగులు విప్పి పెట్టినట్టు కనిపిస్తాయి. ఎదురు వెలుగులో నెమలి కూడా కాకిలాగే ఉంటుంది. సాయంత్రం వెళ్తే పడమటి ఒడ్డు.

పాప ఏ రంగు బట్టలు వేసుకుంది?

తులసికోట
జనవరి 19, రాత్రి 9:22

ఎర్ర స్వెటర్ అండీ. చలిగా ఉందని.

లకుముకి
జనవరి 19, రాత్రి 9:30

ఈసారి ఆకుపచ్చదో మట్టిరంగుదో వేయండి. అయితే రంగు కన్నా కదలిక ముఖ్యం. గట్టు మీద నిలబడి చేయి చాచి "అదిగో" అని చూపిస్తే చాలు, ఒడ్డునున్న పక్షులు లేచిపోతాయి. కూర్చుని చూస్తే అంత బెదరవు.

పాత డైరీ
జనవరి 20, ఉదయం 5:50

మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పాలని పొద్దున్నే కూర్చున్నాను. లకుముకి గారు చెప్పిన వేళ, వెలుగు రెండూ నిజమే. కానీ అసలు కారణం మీ ఉత్తరంలోనే ఉంది. "చెరువు నిండుగా, చూడముచ్చటగా ఉంది" అన్నారు. అందుకే పక్షులు లేవు.

నిండు చెరువు మన కంటికి అందం. పక్షికి చెరువు కంచం. కంచంలో మెతుకు ఎంత లోతున ఉందన్న దాన్ని బట్టి ఎవరు తినగలరన్నది తేలుతుంది. చిన్న ఉల్లంకి పిట్టల కాలు మన వేలంత కూడా ఉండదు. వాటికి నీళ్లు కాదు, తడి బురద కావాలి. ఆ బురదలోని పురుగులే వాటి తిండి. పొడుగాటి గులాబీ కాళ్లున్న నలుపు తెలుపు పిట్టను చూసి ఉంటారు, దానికి జానెడు నీళ్లు సరిపోతాయి. ఎర్రకాళ్ల కొంగ మోకాళ్ల వరకు దిగి, ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊపుతుంది. చేప తగలగానే ముక్కు మూస్తుంది. దానికి కన్ను కన్నా ముక్కు ముఖ్యం. సూదితోక బాతు, గరిటెమూతి బాతు లాంటివి మునగవు. తల కిందికి, తోక పైకి పెట్టి మెడ అందినంత లోతు వరకే తింటాయి. ఆ లోతు దాటితే వాటికి ఆ చెరువు ఖాళీ కంచమే. పోచార్డు బాతులు, నీటికాకులు, మునుగుడు కోళ్లు మాత్రం నిజంగా మునుగుతాయి. నిండు చెరువు వాటిది. మీకు నీటికాకులే కనిపించడానికి కారణం ఇదే.

వానలు బాగా కురిసిన ఏడాది జనవరి దాకా నీళ్లు గట్టును ఆనుకునే ఉంటాయి. బురద ఒడ్డు నీళ్ల కిందే ఉండిపోతుంది. అప్పుడు కాళ్ల మీద నడిచి తినే పక్షులన్నీ వేరే కుంటలు, లోతు తక్కువ చెరువులు వెతుక్కుంటాయి. కాబట్టి పాపతో ఇలా చెప్పండి: అవి వచ్చాయి, ఆ చెరువులో కూర్చోవడానికి చోటు లేక పక్క వీధికి వెళ్లాయి. ఫిబ్రవరి నడుమ నుంచి నీళ్లు తగ్గుతాయి. బురద బయటపడిన వారం మళ్లీ వెళ్లండి.

నేను 1988 నుంచి ప్రతి జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల లెక్కింపులో పాల్గొంటున్నాను. ఆ లెక్కింపు మొదలైంది 1987లో. నా డైరీలో ప్రతి పుట పైన ముందు రాసేది పక్షి పేరు కాదు, నీటిమట్టం. తూము మెట్లలో ఎన్ని మునిగాయి, ఎన్ని తేలాయి అని. పక్షుల సంఖ్య ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో ఆ ఒక్క వరుస చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది.

తులసికోట
జనవరి 20, ఉదయం 7:10

మాస్టారూ (మీరు అధ్యాపకులే అనిపిస్తోంది), మీ జవాబు పాపకు చదివి వినిపించాను. "పక్క వీధి" ఎక్కడుందో అడగమంటోంది.

పాత డైరీ
జనవరి 20, ఉదయం 7:40

అవునమ్మా, జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను.

మన నగరం చుట్టూ పక్క వీధులకు కొదవ లేదు. 1908 మూసీ వరద తరువాత కట్టిన జంట జలాశయాలు ఉండనే ఉన్నాయి. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. వరదను ఆపడానికి, నగరానికి నీళ్లివ్వడానికి కట్టారు. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే విశాలమైన పల్లపు ఒడ్డు పక్షులకు వరమైంది. హిమాయత్ సాగర్‌లో రాజహంసలను నేను చాలా ఏళ్లు చూశాను. సాలిం అలీ 1931, 32లలో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. మన ఊరి పక్షుల గురించి పద్ధతిగా రాసిపెట్టిన తొలి పెద్ద పని అది.

అమీన్‌పూర్‌ను తక్కువ చేయకండి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో నగరం నడుమ ఉన్న చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు.

మంజీర తీరం
జనవరి 20, మధ్యాహ్నం 1:05

నాది సంగారెడ్డి. పాపను ఒకసారి మా వైపు తీసుకురండి. మంజీర అభయారణ్యం హైదరాబాద్‌కు 50 కిలోమీటర్ల దూరం. 1978లో మొసళ్ల కోసం ఏర్పాటు చేశారు. సింగూరు, మంజీర ఆనకట్టల నడుమ నది పాయలు, దీవులు, తుంగ. చలికాలం ఉదయం పూట మొసళ్లు ఒడ్డున ఎండకు పడుకుంటాయి. నోరు తెరిచి కదలకుండా ఉంటే ఎండుదుంగ అనుకుంటారు. అందుకే నీటి అంచుకు వెళ్లవద్దు, అటవీ సిబ్బంది చూపిన చోటు నుంచే చూడాలి.

నేను ఏటా ఎదురుచూసేది బార్ హెడెడ్ గూస్ కోసం. తెల్లటి తల వెనక రెండు నల్లటి పట్టీలు, అందుకే మేం పట్టీల బాతు అంటాం. మంగోలియా, టిబెట్, మన లదాఖ్ ఎత్తుల్లో గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి వస్తాయి. ఉపగ్రహ పరికరాలు కట్టి గమనించినప్పుడు ఒకటి 7,290 మీటర్ల ఎత్తులో ఎగిరినట్టు నమోదైంది. అక్కడ మనకైతే ఊపిరి ఆడదు. వాటి రక్తంలోని హిమోగ్లోబిన్ పల్చటి గాలి నుంచి కూడా ప్రాణవాయువును గట్టిగా పట్టుకోగలదు. పైగా అవి వెచ్చటి పగటి గాలి కోసం చూడవు. రాత్రి, తెల్లవారుజామున చల్లగా చిక్కగా ఉండే గాలిలోనే ఎక్కువగా ఎగురుతాయి.

మా ఊళ్లో వాటిని నేను చూసేది నీళ్లలో కాదు, శనగ చేలో. తెల్లవారకముందే చేలో దిగి మేస్తాయి. ఎండ ఎక్కగానే నది నడుమ ఇసుక తిన్నె మీదికి వెళ్లి విశ్రాంతి తీసుకుంటాయి. గత ఏడాది ఒక తెల్లవారుజామున మంచులో గట్టు చాటున కూర్చున్నాను. ఏమీ కనిపించదు. ఆకులు తెంచే చప్పుడు మాత్రం వినిపిస్తోంది, పశువులు మేస్తున్నట్టు. మంచు విడిచేసరికి ముప్పై అడుగుల దూరంలో ఇరవై మెడలు. ఒకటి మాత్రం తినడం లేదు. మెడ నిటారుగా ఎత్తి కాపలా కాస్తోంది. కాసేపటికి అది తల దించింది, ఇంకొకటి తల ఎత్తింది. నా మోకాళ్లు తిమ్మిరెక్కినా గంట సేపు కదల్లేదు.

కొన్నింటి మెడకు రంగు పట్టీ, దాని మీద అక్షరాలు ఉంటాయి. మంగోలియా శాస్త్రవేత్తలు కట్టినవి దక్షిణ భారతంలోనూ కనిపించాయి. కనిపిస్తే ఆ రంగు, అక్షరాలు రాసుకోండి. అది ఎక్కడ పుట్టిందో, ఎన్నేళ్లదో తెలిసే వీలుంది.

కెమెరా కన్ను
జనవరి 20, రాత్రి 10:20

పట్టీల బాతులు అనగానే చెప్పాలనిపించింది. పోయిన ఆదివారం ఒక చెరువులో పుట్టి మాట్లాడుకుని గుంపు దగ్గరికి వెళ్లాను. అరవై దాకా ఒక్కసారిగా లేచాయి. రెక్కల కింద ఉదయపు వెలుగు పడి అద్భుతమైన ఫోటో వచ్చింది. తులసికోట గారూ, దూరం నుంచి చుక్కల్లా చూడటం కన్నా ఇది పాపకు నచ్చుతుంది. పుట్టి వాళ్ల వివరాలు కావాలంటే చెబుతాను.

పాత డైరీ
జనవరి 21, ఉదయం 5:45

కెమెరా కన్ను గారూ, మీ ఫోటోలు ఇక్కడ ఎన్నో చూశాను, మీ చేతిలో పనితనం ఉంది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఇది తప్పు. దయచేసి పాపకు ఇది నేర్పవద్దు.

ఆ బాతు ఇక్కడికి వచ్చింది విహారానికి కాదు. రెండు, మూడు కిలోల ఒళ్లు. ఫిబ్రవరి చివర, మార్చిలో మళ్లీ హిమాలయాలు దాటాలి. దారి ఖర్చంతా ఒంట్లో కొవ్వుగా దాచుకోవాలి. తినడం, విశ్రాంతి, ఈ రెండే ఈ మూడు నెలల్లో దాని పని. బరువైన పక్షి నీళ్ల మీద నుంచి లేవడమే ఎగరడంలో అన్నిటికన్నా ఖరీదైన భాగం. మీరు చూసింది అద్భుతమైన దృశ్యమే, కానీ ఆ ఖర్చు పెట్టింది అరవై బాతులు.

కెమెరా కన్ను
జనవరి 21, ఉదయం 9:10

మాస్టారూ, నేను వాటికి హాని చేయాలని వెళ్లలేదు. కానీ ఒక్కసారి లేచినంత మాత్రాన అంత నష్టమా? జాలరులు రోజూ అదే నీళ్లలో పుట్టి వేసుకుని తిరుగుతారు. వాళ్లు తిరిగితే లేనిది నేను తిరిగితే వచ్చిందా?

పుట్టి తెడ్డు
జనవరి 21, మధ్యాహ్నం 12:30

నేను జాలరి కొడుకుని, కాబట్టి దీనికి నేనే చెబుతాను. మా నాన్న పుట్టి మీద వెళ్తుంటే బాతులు పక్కకు జరుగుతాయి, లేవవు. ఎందుకంటే ఆయన వల వేసిన చోటికి వెళ్తాడు. రోజూ అదే దారి, అదే వేగం. వాటి వైపు చూడడు. పక్కగా సాగిపోతాడు. మీరు ఎక్కిన పుట్టి సరాసరి వాటి మీదికి వెళ్లింది. మీ కళ్లు వాటి మీదే ఉన్నాయి. గద్ద వచ్చేదీ అలాగే, నక్క వచ్చేదీ అలాగే. వాటికి ఆ తేడా బాగా తెలుసు.

మీ ఒక్కరి సంగతి అయితే ఫరవాలేదు. మీ ఫోటో చూసి వచ్చే ఆదివారం పది మంది వస్తారు. నిజంగానే వస్తున్నారు. "లేపితే ఇంత ఇస్తాం" అని అడుగుతున్నారు. మా నాన్న ఒప్పుకోడు, ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు. అది వాళ్ల తప్పని కూడా అనలేను. చేపల మీద వచ్చేది తక్కువ.

ఇంకొక మాట. తెగిన వల ముక్కలు నీళ్లలో వదిలేయడం మావాళ్ల వైపు నుంచి జరిగే తప్పు. బొల్లికోళ్లు, మునుగుడు కోళ్లు వాటిలో చిక్కి చస్తాయి. నేను, మా తమ్ముడు ఈ చలికాలం నుంచి ఏరి ఒడ్డుకు తెస్తున్నాం.

కెమెరా కన్ను
జనవరి 21, రాత్రి 11:05

పుట్టి తెడ్డు గారూ, "మీ కళ్లు వాటి మీదే ఉన్నాయి" అన్న మాట గురించే రోజంతా ఆలోచించాను. నేను ఇలా ఎప్పుడూ చూడలేదు. ఆ ఫోటోను, చెరువు పేరును నా పుట నుంచి తీసేశాను. ఒడ్డున కూర్చుని ఎంత దగ్గరగా తీయగలనో ఈ ఆదివారం ప్రయత్నిస్తాను. అయితే డ్రోన్లు ఎగరేసేవాళ్లతో పోలిస్తే మా పుట్టి నయమని మాత్రం ఇప్పటికీ అంటాను.

లకుముకి
జనవరి 21, రాత్రి 11:20

డ్రోన్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆకాశం నుంచి వచ్చే ఏ వస్తువైనా వాటికి గద్దే.

అడవిబాట
జనవరి 22, ఉదయం 6:30

పాప రెండో ప్రశ్నను అందరూ వదిలేశారు. నాకు ఇష్టమైనది అదే.

చెరువు దగ్గర జంతువులు ఉంటాయి. కానీ జంతువును చూడాలంటే ముందు దాని జాడను చూడటం నేర్చుకోవాలి. పక్షులన్నీ వెళ్లిపోయిన వేళకు కూడా బురద తన లెక్క తాను రాసి పెట్టుకునే ఉంటుంది. ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తడి ఒడ్డు వెంట మెల్లగా నడవండి. నాలుగు వేళ్ల గుండ్రటి ముద్ర, గోళ్ల గుర్తు లేకపోతే పిల్లి జాతి. పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. వేళ్ల ముందు గోళ్ల చుక్కలు ఉండి, ముద్ర కాస్త కోలగా ఉంటే కుక్కో నక్కో. ఇంకా చిన్నగా, సన్నటి గోళ్ల గీతలతో ఉంటే ముంగిస.

పిల్లి అంటే ఇంటి పిల్లి ఒక్కటే కాదు. తుంగ పొదల్లో జంగపిల్లి ఉంటుంది. పొడుగు కాళ్లు, పొట్టి తోక, తోక చివర నల్లటి కట్లు, చెవుల కొసన కొద్దిగా నల్లటి వెంట్రుకలు. నగరం అంచున ఒక చెరువు దగ్గర డిసెంబరులో చూశాను. బొల్లికోళ్లు ఒడ్డుకెక్కి గడ్డి మేస్తున్నాయి. తుంగ మొదట్లో ఎండుగడ్డి రంగు ముద్ద ఒకటి ఉంది. పది నిమిషాలు నేను దాన్ని మట్టిగడ్డ అనుకున్నాను. ఒక చెవి మాత్రం ఈగను తోలినట్టు కదిలింది. ఆ తరువాత అది దూకనూ లేదు, పట్టనూ లేదు. బొల్లికోళ్లు నీళ్లలోకి దిగిపోయాక లేచి, వెనక్కి తిరిగి, తుంగలో కలిసిపోయింది.

నక్కలను చూడటం కన్నా వినడం తేలిక. హిమాయత్ సాగర్ వెనక వైపు పొద్దుగూకే వేళ ఒకటి మొదలుపెడితే తక్కినవి అందుకుంటాయి. చిన్నప్పుడు ఊళ్లో విన్నవారికి ఆ కూత వినగానే ప్రాణం లేచి వస్తుంది.

నీటికుక్కలను చూడాలంటే మాత్రం కాస్త దూరం వెళ్లాలి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో చూశాను. పాటు సమయంలో కాలువ పక్క బురద మీద అయిదు, ఒకే కుటుంబం. ఒకటి చేపను ముందు కాళ్లతో పట్టుకుని తల వైపు నుంచి కరకర నమిలింది. ఆ చప్పుడు పడవలో ఉన్న మాకు వినిపించింది. అవి తరచూ వచ్చే చోట రెట్ట నిండా చేప పొలుసులు మెరుస్తుంటాయి, వాసన కూడా అదే. చేపలు పట్టి తినే పిల్లి కూడా ఆ అడవుల్లోనే ఉంది. అది రాత్రి తిరిగేది, నాకు ముద్ర మాత్రమే దొరికింది.

జంగపిల్లిని చూసిన చెరువు పేరు కావాలనే రాయలేదు. పిల్లల తల్లి అయి ఉండవచ్చు. దయచేసి అడగకండి.

నిఘంటువు
జనవరి 22, మధ్యాహ్నం 3:45

ఈ చర్చ చదువుతుంటే సంతోషంగా ఉంది, ముఖ్యంగా తెలుగు పేర్లు వస్తున్నందుకు. పాప డైరీ మొదలుపెడితే ఇవి ఇవ్వండి. లకుముకి, నీటికాకి, బొల్లికోడి అందరికీ తెలిసినవే. బూడిదరంగు పెద్ద కొంగ నారాయణ పక్షి. మెడ మాత్రమే పైకి పెట్టి ఈదేది పాము బాతు. మూతి గరిటెలా ఉండే తెల్లటి కొంగ గెంటెమూతి కొంగ. నీళ్ల మీద తిరిగి చేపను గోళ్లతో ఎత్తుకుపోయే గద్ద కొరమీను గద్ద. ఆ పేరు పెట్టినవాడు కొరమీనును పట్టుకుపోవడం కళ్లారా చూసినవాడే అయి ఉండాలి. నత్తలను తినేది నత్తగుల్ల కొంగ. ముక్కు మూసినా నడుమ సందు మిగులుతుంది.

నాకు అన్నిటికన్నా ప్రియమైనది బాపన బాతు. ఒళ్లంతా పసుపు కలిసిన కాషాయ రంగు. మన కావ్యాల్లోని చక్రవాకం ఇదే. రాత్రి కాగానే జంట విడిపోయి చెరో ఒడ్డున ఒకరినొకరు పిలుచుకుంటాయని కవి సమయం, అంటే కవులు ఆనవాయితీగా చెప్పే మాట. అవి నిజంగానే జంటలుగా తిరుగుతాయి, రాత్రి కూడా మేతకు వెళ్తాయి. చీకట్లో నీటి మీదుగా వాటి పిలుపు విన్న మనిషి ఆ కథ అల్లకుండా ఎలా ఉండగలడు?

పశువుల డాక్టర్
జనవరి 22, రాత్రి 9:50

ఈ వారం నా బల్ల మీదికి ఏడు పక్షులు వచ్చాయి, ఏడూ గాలిపటాల మాంజా వల్లే. నైలాన్ దారానికి గాజుపొడి పూసిన మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతా నిషేధించింది. పండుగ అయిపోయినా చెట్ల కొమ్మలకు అది వేలాడుతూనే ఉంటుంది. నైలాన్ కుళ్లదు.

చెరువు గట్టున చెట్టుకు వేలాడుతూ చింతవొక్కు (రాత్రి తిరిగే కొంగ) దొరికితే దాన్ని లాగకండి. నిన్న వచ్చినదాన్ని ఎవరో మంచి మనసుతోనే లాగారు. దారం రెక్క కండరాన్ని ఎముక దాకా కోసింది. రెండు వైపులా దారం కత్తిరించి, చుట్టుకున్న భాగాన్ని అలాగే వదిలేయండి. తల మీద పలుచటి గుడ్డ కప్పితే శాంతిస్తుంది. గాలి ఆడేలా రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో, చీకట్లో ఉంచి తీసుకురండి. నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరి గొట్టంలోకి వెళ్తాయి. కొంగ ముక్కు మీ కంటికి దూరంగా ఉండేలా చూసుకోండి, అది భయంతో మొదట పొడిచేది కంటినే.

నిన్నటి పక్షి బతికింది. ఎగురుతుందో లేదో రెండు వారాల్లో తెలుస్తుంది.

తులసికోట
జనవరి 23, ఉదయం 10:15

ఇన్ని విషయాలు చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. గట్టు మీద మాంజా కనిపిస్తే చుట్టి తేవడానికి పాప ఒక సంచి సిద్ధం చేసుకుంది. ఒక చిన్న సందేహం. బైనాక్యులర్ కొనాలనుకుంటున్నాను. దుకాణంలో 10×50 చూపించారు, పెద్దది మంచిదన్నారు.

లకుముకి
జనవరి 23, ఉదయం 11:00

వద్దు. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందన్నది, రెండోది ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. పది రెట్లు అయితే చేతి వణుకు కూడా పది రెట్లు కనిపిస్తుంది, పైగా 50 అద్దం పిల్ల మెడకు బరువు. ఎనిమిది రెట్లు చాలు. మీకు 8×42, పాపకైతే 8×30 ఇంకా తేలిక. కొనేముందు పాప కళ్ల దూరానికి ఆ రెండు గొట్టాలు దగ్గరికి వస్తాయో లేదో పెట్టి చూడండి.

తులసికోట
జనవరి 26, మధ్యాహ్నం 12:40

ఇవాళ మళ్లీ వెళ్లాం. 6:30కే తూర్పు ఒడ్డున చాప వేసుకుని కూర్చున్నాం. పాప మట్టిరంగు శాలువా కప్పుకుంది.

నీటిమట్టం పోయిన వారం కన్నా బెత్తెడు తగ్గినట్టుంది. గట్టు రాళ్ల మీద తడి గీత కనిపించింది, పాప దాన్ని మొదటి పుటలో రాసుకుంది. మొదటి అరగంట ఏమీ లేదు. తరువాత ఒక సంగతి జరిగింది. బొల్లికోళ్లు వందకు పైగా విడివిడిగా ఈదుతున్నాయి. (పది లెక్కపెట్టి, అంత గుంపు ఎన్నిసార్లు పడుతుందో చూశాం. ఎక్కడో చదివిన పద్ధతి.) ఉన్నట్టుండి అవన్నీ ఒక్క ముద్దగా దగ్గరికి చేరాయి. ఎందుకో అర్థం కాలేదు. పాప పైకి చూపించకుండా, నా చెవిలో "అమ్మా, గద్ద" అంది. ముదురు గోధుమరంగు గద్ద, తల పైన లేత రంగు, రెక్కలు కాస్త పైకి ఎత్తి తుంగ మీదుగా చాలా కిందుగా వచ్చింది. అది తల మీదికి రాగానే బొల్లికోళ్లన్నీ కాళ్లతో నీళ్లు చిమ్మాయి. తెల్లటి నురగ గోడ లేచినట్టయింది. గద్ద రెండుసార్లు తిరిగి, వదిలేసి వెళ్లిపోయింది. మేం ఇద్దరం ఊపిరి బిగబట్టి ఉన్నామని తరువాత తెలిసింది.

రాజహంసలు లేవు. పాప వాటి గురించి అడగనే లేదు.

దాని డైరీలో ఒక బొమ్మ ఉంది, పేరు తెలియలేదు. రాళ్ల మీద ఒంటరిగా తిరిగిన చిన్న పిట్ట. పైన గోధుమరంగు, పొట్ట తెలుపు. "ఒక్క నిమిషం కూడా తోక ఆడించడం ఆపలేదు" అని పక్కన రాసుకుంది.

పాత డైరీ
జనవరి 26, మధ్యాహ్నం 2:05

ఆ గద్ద పిల్లిగద్ద, చలికాలపు అతిథి. ఆ నురగ గోడను నేను ఇన్నేళ్లలో వేళ్ల మీద లెక్కించగలిగినన్ని సార్లే చూశాను. రాజహంసల గురించి తొందర లేదు. వస్తే, గులాబీ వాటితో పాటు బూడిదరంగువి కూడా ఉంటాయని పాపకు చెప్పి ఉంచండి. అవి పిల్లలు. ఆ గులాబీ రంగు పుట్టుకతో రాదు, తినే నాచు నుంచి, చిన్న రొయ్య జీవుల నుంచి ఏళ్ల తరబడి ఒంటికి పడుతుంది.

పిట్ట బొమ్మలో రెక్క ముందు, భుజం దగ్గర, పొట్ట తెలుపు పైకి పాకినట్టు ఉందా?

తులసికోట
జనవరి 26, మధ్యాహ్నం 2:20

ఉంది. ఆ చోట పెన్సిల్ పెట్టకుండా కాగితం ఖాళీగా వదిలింది.

పాత డైరీ
జనవరి 26, మధ్యాహ్నం 2:30

అయితే అది కామన్ శాండ్‌పైపర్, మన ఉల్లంకి పిట్టల్లో ఒకటి. కశ్మీరు, లదాఖ్ వాగుల పక్కన, ఇంకా ఉత్తరాన కూడా గూడు పెడుతుంది. ఆగస్టుకే ఇక్కడికి వచ్చేస్తుంది. ఒంటరిగా ఒకే రాతి ఒడ్డును పట్టుకుని ఉంటుంది. వచ్చే ఆదివారం అదే రాళ్ల దగ్గర చూడమనండి, చాలావరకు అక్కడే ఉంటుంది.

నేనూ వస్తాను. తూర్పు ఒడ్డున, 6:15కు. టెలిస్కోపు తెస్తాను, పాప ఎత్తుకు సరిపడేలా దాని కాళ్లు కుదిస్తాను.

పుట్టి తెడ్డు
జనవరి 26, సాయంత్రం 4:10

మాస్టారూ, నేను కూడా వస్తున్నాను. వల ముక్కలు ఏరడానికి ఇంకో సంచి తెమ్మనండి.

కెమెరా కన్ను
జనవరి 26, సాయంత్రం 6:55

నాకూ ఆ చాప మీద చోటు ఉంటుందా?

తులసికోట
జనవరి 26, రాత్రి 7:30

ఉంది. కూర్చుని తీస్తానంటేనే అని పాప చెప్పమంది.